జడ్జి దాకా వచ్చేసరికే: అమెరికా జువెనైల్ కోర్టులో అపోహలు, వాస్తవాలు

అమెరికాలో పిల్లల కేసులు వాదించే లాయర్ని. మనవాళ్ల ఇళ్లకి భోజనానికి వెళ్తే నా పని గురించి అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు.

అపోహ: నల్లవాళ్ల పిల్లలు ఎక్కువ నేరాలు చేస్తారు, అందుకే ఎక్కువమంది లోపలున్నారు.

వాస్తవం: 2021 లెక్కల్లో తెల్ల పిల్లల కంటే నల్లజాతి పిల్లలు నిర్బంధంలో ఉండే రేటు 4.7 రెట్లు. కొన్ని నేరాల్లో తేడా ఉన్నమాట నిజమే, కానీ ఇంత అంతరానికి అదొక్కటే కారణం కాదు. గంజాయి వాడకం సర్వేల్లో ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. అరెస్టులే వేరు.

అపోహ: అంతా జడ్జి చేతిలోనే ఉంటుంది.

వాస్తవం: జడ్జి చివర్న వస్తాడు. నేను తరచూ చూసేది చెప్తాను. షాపులో దొంగతనానికి ఇద్దరు పిల్లలు దొరుకుతారు. ఒకడి తల్లి అరగంటలో వచ్చి తీసుకెళ్తుంది. రెండోవాడి తల్లి గోడౌన్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉంటుంది, ఫోన్ లాకర్లో ఉంటుంది. ఫారంలో 'బాధ్యత తీసుకునేవారు లేరు' అన్న గడిలో టిక్కు పడుతుంది. ఆ రాత్రికి వాడు డిటెన్షన్‌లో. పొద్దున కోర్టుకి వచ్చేటప్పుడు కాళ్లకి గొలుసు. మళ్లీ ఎప్పుడైనా దొరికితే ఫైల్లో మొదటి లైను 'గతంలో డిటెన్షన్‌లో ఉన్నాడు'. ఆ కాగితాల్లో ఎక్కడా రంగు కారణమని ఉండదు.

ప్రొబేషన్ రిపోర్టులదీ, అంటే పిల్లాడి గురించి ప్రొబేషన్ ఆఫీసర్ కోర్టుకి రాసిచ్చే రిపోర్టులదీ, ఇదే కథ. వాషింగ్టన్ రాష్ట్రంలోని రిపోర్టులపై 1998లో ఒక అధ్యయనం వచ్చింది. తెల్ల పిల్లాడు తప్పు చేస్తే ఇంటి పరిస్థితి, చెడు స్నేహాలు అని, నల్లజాతి పిల్లాడు చేస్తే వాడి స్వభావమే అంత అని రాసే ధోరణి అందులో బయటపడింది. రిపోర్టు చేతికి రాగానే నేను ముందు ఆ విశేషణాల కింద గీతలు గీస్తాను.

అపోహ: ఇప్పుడు జైళ్లు ఖాళీ అవుతున్నాయిగా, తేడా కూడా పోతుంది.

వాస్తవం: నిర్బంధంలో ఉన్న పిల్లలు 2000లో 1,08,800 మంది, 2022లో 27,600. సంఖ్య పడిపోయింది, అంతరం అలాగే ఉంది.

అపోహ: తప్పు చేయనివాడికి లాయరెందుకు? పోలీసులడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరి.

వాస్తవం: మన ఇళ్లలో పిల్లలకి చెప్పే మాటే ఇది. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగిన కేసులో పట్టుకున్న ఐదుగురు నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాల) పిల్లలు 14 నుంచి 16 ఏళ్లవాళ్లు. గంటల తరబడి అడిగేసరికి చేయని నేరం ఒప్పుకున్నారు. కొందరి పక్కన ఇంట్లోవాళ్లు కూడా ఉన్నారు. ఆ శిక్షలు రద్దయింది 2002లో.