ఖోకా ఎక్కడ పడింది?

బల్లార్షాలో మా ఎదురింటి కాకా మిలిటరీలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు. తుపాకుల మరమ్మతు ఆయన పని. బొగ్గు గనుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి చాందా (చంద్రపూర్) జిల్లాలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. ఓ సాయంత్రం వాళ్ల వాకిట్లో కూర్చుని, "కొత్తగా బిగించిన రైఫిల్ ఒక రౌండు కాల్చి ఆగిపోతే ముందు దేన్ని చూస్తారు కాకా?" అని అడిగాను. తుపాకీ గురించి చెబుతాడనుకున్నాను. ఆయన "కింద పడ్డ ఖోకాని చూస్తం" అన్నాడు. తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని ఖోకా అంటారు.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్లో ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది, కానీ తర్వాతి తూటాను సిద్ధం చేసే పని తుపాకీయే చేసుకుంటుంది. తూటా వెనక తలుపులా మూసి ఉండే బోల్ట్ తాళం విడిపోవాలి, ఖోకాను వెనక్కి లాగాలి, బయటికి విసరాలి, స్ప్రింగ్ బోల్ట్‌ను మళ్లీ ముందుకు తోయాలి. వచ్చే దారిలో తూటాలుండే పెట్టె, అంటే మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను ఎత్తుకుని, తూటా పేలే చోటైన ఛాంబర్లోకి నెట్టి మళ్లీ తాళం పడాలి. సెకనులో పదో వంతు కూడా పట్టని ఈ పనికి ఇంధనం వేరే ఏమీ లేదు. తూటాలోని మందు మండి గుండును తోసిన గ్యాస్‌లోనే కొంత వాటా తీసుకుంటారు. అమెరికాలో జాన్ బ్రౌనింగ్‌కు 1889లో ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. ఎవరో తుపాకీ కాలుస్తుంటే దాని మూతి ముందున్న రెల్లు గడ్డి గ్యాస్ దెబ్బకు పక్కకు వంగిపోవడం చూశాడట. వృథాగా పోతున్న ఆ బలంతో ఏదైనా పని చేయించొచ్చు కదా అనుకున్నాడు.

గుండు బ్యారెల్ దాటడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. బ్యారెల్ గోడకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి వచ్చే గ్యాసే బోల్ట్‌ను వెనక్కి పంపేది. గుండు ఆ రంధ్రాన్ని దాటిన క్షణం నుంచి మూతి బయటికి వెళ్లిపోయే క్షణం వరకే గ్యాస్ బలంగా దొరుకుతుంది. రంధ్రం చిన్నదైనా, గ్యాస్ దారి కొంచెం పక్కకు జరిగి బిగిసినా, మధ్యలో లీకున్నా బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. అప్పుడు ఖోకా సగం బయటా సగం లోపలా ఇరుక్కుంటుంది, లేదా బోల్ట్ కొత్త తూటాను అందుకోకుండానే ముందుకొచ్చేస్తుంది. కొత్త రైఫిల్లో స్ప్రింగులు గట్టిగా, భాగాలు ఒకదానికొకటి బిగుతుగా ఉంటాయి కాబట్టి ఇది మామూలే. ముందు శుభ్రం చేసి నూనె వేసి, మంచి తూటాలతో, వేరే మ్యాగజైన్‌తో చూస్తారు. రెండు మార్పులు ఒకేసారి చేయరు. చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే. గ్యాస్ ఎక్కువైనా రైఫిల్ ఇలాగే ఆగుతుంది. బోల్ట్ మరీ వేగంగా వెనక్కి వెళ్లి తిరిగొస్తే, మ్యాగజైన్ స్ప్రింగ్ కొత్త తూటాను పైకెత్తేలోపే అది దాటిపోతుంది. ఛాంబర్ ఖాళీ. చూసేవాళ్లకు బలం చాలలేదనిపిస్తుంది. ఇంకాస్త గ్యాస్ పెంచుతారు, రోగం ముదురుతుంది.

కాకా నన్ను వంటింటి వైపు తిప్పి పొయ్యి మీది కుక్కర్ చూపించాడు. "విజిల్ అయినంక ఆవిరి పోకముందే మూత తీయబోతే వస్తదా?" అన్నాడు. రాదు. లోపలి ఒత్తిడి దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఖోకా సంగతీ అంతే. తూటా పేలినప్పుడు పలచని ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుపోతుంది. గ్యాస్ వెనక్కి తన్నకుండా మూసేది ఆ ఉబ్బే. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి ఒక వెంట్రుకవాసి వెనక్కి ముడుచుకుంటుంది, అప్పుడు సులువుగా ఊడొస్తుంది. ఇత్తడిని ఎంచుకోవడానికి ఈ సాగే గుణం ఒక పెద్ద కారణం. ఆ ముడుచుకునే క్షణం రాకముందే బోల్ట్ లాగితే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖోకా అంచును చీల్చుకుని వచ్చేస్తుంది, ఖోకా లోపలే ఉండిపోతుంది. అందుకే ఎంత బలం అన్నదాని కన్నా ఎప్పుడు లాగుతోంది అన్నది పెద్ద ప్రశ్న అని నాకు అనిపిస్తుంది.

ఈ 'ఎప్పుడు'ను పట్టించుకోనందుకు ప్రాణాలే పోయాయి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యానికి ఎం16 రైఫిల్ కొత్తగా వచ్చింది. యూజీన్ స్టోనర్ దాన్ని తయారు చేసినప్పుడు వాడిన మందు ఒకటి, సైన్యం తర్వాత తూటాల్లో నింపించిన మందు ఇంకొకటి. కొత్త మందుతో రంధ్రం దగ్గరికొచ్చేసరికి గ్యాస్ ఒత్తిడి పెరిగింది, బోల్ట్ వేగం పెరిగింది, మసి ఎక్కువైంది. ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదు. అడవి తేమకు అందులో తుప్పు గుంటలు పడి ఖోకాను పట్టేసేవి. పైగా దీన్ని పెద్దగా శుభ్రం చేయక్కర్లేదన్న నమ్మకంతో చాలామందికి కిట్లు కూడా ఇవ్వలేదు. కాల్పుల మధ్య కుర్రాళ్లు బ్యారెల్ మూతిలోంచి కడ్డీ దూర్చి ఖోకాను వెనక్కి నెట్టుకోవాల్సి వచ్చింది. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి గట్టిగా తప్పుపట్టింది. తర్వాత ఛాంబర్‌కు క్రోమ్ పూత, బోల్ట్ వేగం తగ్గించే కొత్త బఫర్, శుభ్రం చేసుకునే కిట్లు వచ్చాయి. ఈ ఘట్టం గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. డిజైన్‌లో లెక్క తప్పలేదు, లెక్కలో ఉన్న ఒక వస్తువును మార్చి మిగతా లెక్కను అలాగే వదిలేశారు.

వేడి కూడా ఆ లెక్కలో భాగమే. మా చాందాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తూటా వేడెక్కితే మందు త్వరగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. చలికాలం పొద్దున సరిగ్గా ఆడిన రైఫిల్ మిట్టమధ్యాహ్నం వేరేగా ప్రవర్తించొచ్చు.

కాకా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లింది 7.62 ఎస్ఎల్ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. బెల్జియం డిజైన్‌ను ఆధారం చేసుకుని బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైన రైఫిల్ అది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మామూలు మనుషుల చేతికి వచ్చేది కాదు. దానికి గ్యాస్ రెగ్యులేటర్ ఉంటుంది. చుట్టూ తిప్పితే, ఎక్కువైన గ్యాస్ బయటికి పోయే సందు పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఒకసారి కొత్త బ్యారెల్ వేసిన ఎస్ఎల్ఆర్ రెండు మూడు రౌండ్లకోసారి ఆగుతోందట. ఫైరింగ్ రేంజ్‌లో కుర్రాళ్లు సందు మూస్తూ గ్యాస్ పెంచుతూ పోయారు. చివరికి ఖోకా ఛాంబర్లోనే ఉండిపోవడం మొదలైంది.

వాకిలి బండ మీద కాకా బొగ్గు ముక్కతో తుపాకీ ఆకారం గీశాడు. కుడి పక్కన చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. దగ్గరగా కొన్ని, దూరంగా కొన్ని, బాగా వెనక్కి ఒకటి. "ఖోకాలన్నీ ఒక్క దగ్గర పడకుంటే ప్రతి రౌండుకూ బలం మారుతున్నట్టే. గ్యాస్ తక్కువో ఎక్కువో అయితే అన్నీ ఒకే తీరుగా తప్పుతయి కదా." ఖోకాలు ఏరుకుని ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాడట. అంచు మీద కొక్కెం కొరికిన గుర్తు. దానికన్నా ముఖ్యమైనది, పక్క గోడ మీద వేలి గోటికి తగిలేంత సన్నటి గీత. అన్ని ఖోకాల మీదా అడుగు నుంచి అంతే ఎత్తులో. ఛాంబర్ కోసేటప్పుడు పనిముట్టు వదిలిన ముల్లులాంటి అంచు ఒకటి లోపల మిగిలిపోయింది. ఉబ్బిన ఇత్తడి దాని మీద అచ్చు పడి, ముడుచుకున్నాక కూడా ఒక్కోసారి ఎక్కువగా, ఒక్కోసారి తక్కువగా పట్టుకునేది. అలా కొన్ని రౌండ్లకు బోల్ట్ బలమంతా లాగడంలోనే అయిపోయేది.

ఛాంబర్‌ను పాలిష్ చేసి, రెగ్యులేటర్‌ను మొదట్లో ఉన్న చోటికే తిప్పాడు. ఆ సాయంత్రం మ్యాగజైన్‌లోని ఇరవై రౌండ్లూ ఆగకుండా వెళ్లాయట. కాకా బొగ్గుతో మళ్లీ చుక్కలు పెట్టాడు, ఈసారి కుడి పక్కన ఒక్కచోటే, ఒకదాని మీద ఒకటి. అక్కడ బండంతా నల్లగా అయిపోయింది.