లైట్ రైల్ స్టేషన్లు, లైన్లు: అపోహలు - వాస్తవాలు

లైట్ రైల్ (మామూలు రైళ్ల కన్నా తేలికైన బోగీలతో నడిచే నగర రైలు) మార్గాల ప్రణాళికలో పనిచేసేవాళ్లను జనం అడిగే ప్రశ్నలు ఏ నగరంలోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. రైలు గరిష్ఠ వేగం ఎంత, ఎన్ని బోగీలు ఉంటాయి, మా వీధికి స్టేషన్ వస్తుందా రాదా అని అడుగుతారు. ప్లాట్‌ఫామ్ కూడలికి ఏ వైపున కడుతున్నారు, రెండు లైన్లు ఎక్కడ కలుస్తున్నాయి, చివరి స్టేషన్‌లో రైలు ఎలా వెనుదిరుగుతుంది అని అడిగేవారు చాలా అరుదు. ఒక లైన్ బాగా నడుస్తుందో లేదో తేలేది మాత్రం ముఖ్యంగా ఈ మూడు చోట్లే. బోగీని పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. ప్లాట్‌ఫామ్‌నూ జంక్షన్‌నూ ఒకసారి కట్టాక మార్చడం చాలా కష్టం. అందుకే ఈ అపోహలను కట్టకముందే తొలగించుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: లైట్ రైల్ అంటే రోడ్డు మీద నడిచే పాత ట్రామే.

వాస్తవం: రోడ్డు మీద నడవడం లైట్ రైల్‌కు ఉన్న సామర్థ్యాల్లో ఒకటి మాత్రమే. 1978లో మొదలైన కెనడాలోని ఎడ్మంటన్ మొదటి లైన్ నగర కేంద్రంలో భూగర్భంలో నడుస్తుంది. 1984లో మొదలైన మనీలా మొదటి లైన్ వంతెనల మీద నడుస్తుంది, పేరులో లైట్ రైల్ ఉన్నా నడక పూర్తిగా మెట్రోదే. జర్మనీలోని కార్ల్స్‌రూలో 1992 నుంచి నగర వీధుల్లోని 750 వోల్టుల డీసీ విద్యుత్తు మీదా, ప్రధాన రైల్వే మార్గంలోని 15,000 వోల్టుల ఏసీ మీదా ఒకే బండి నడుస్తోంది. కాబట్టి ఒక లైన్ సామర్థ్యం తెలుసుకోవాలంటే బండి రకం కన్నా ముందు, దాని దారిలో ఎంత భాగం ఇతర వాహనాల నుంచి వేరుగా ఉందో చూడాలి.

అపోహ: గరిష్ఠ వేగం పెంచితే ప్రయాణ సమయం బాగా తగ్గుతుంది.

వాస్తవం: నగరం లోపల ఇది నిజం కాదు, అది చూపడానికి చిన్న లెక్క చాలు. రెండు స్టేషన్ల మధ్య దూరం 500 మీటర్లు అనుకుందాం. రైలు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగి, బ్రేకు వేసినప్పుడు 1.2 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. ఇవి నిలబడ్డ ప్రయాణికులు తట్టుకోగలిగిన మామూలు విలువలు. గరిష్ఠ వేగం గంటకు 50 కిలోమీటర్లయితే ఆ దూరానికి సుమారు 49 సెకన్లు పడుతుంది. దాన్ని 70కి పెంచితే సుమారు 44 సెకన్లు పడుతుంది, అంటే మిగిలేది 5 సెకన్లే. ఇక 100 కిలోమీటర్ల వేగం అందుకుని మళ్లీ ఆగడానికి 700 మీటర్లకు పైగా కావాలి కాబట్టి, ఆ 500 మీటర్లలో ఎంత శక్తిమంతమైన మోటారు పెట్టినా ఆ వేగం కనబడనే కనబడదు.

అదే రైలు ప్రతి స్టేషన్‌లో 30 సెకన్లకు బదులు 20 సెకన్లే ఆగేలా చేయగలిగితే మిగిలేది 10 సెకన్లు. 20 స్టేషన్ల లైన్ మీద అది మూడు నిమిషాలు దాటుతుంది. కూడలి దగ్గర ఒక్క ఎర్రదీపానికి 40 సెకన్లు ఆగితే, ఎనిమిది స్టేషన్ల దూరం మీద అధిక వేగంతో సంపాదించినదంతా అక్కడే పోతుంది. అందుకే మా పనిలో మోటారు శక్తి కన్నా తలుపుల సంఖ్య, వాటి వెడల్పు, టికెట్ రైలెక్కకముందే తీసుకునే ఏర్పాటు, ప్లాట్‌ఫామ్ ఎత్తు ఎక్కువ చర్చకు వస్తాయి.

ప్లాట్‌ఫామ్ ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బోగీ నేల, ప్లాట్‌ఫామ్ ఒకే మట్టంలో ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు, పిల్లల బండి తోసుకొచ్చేవారు, కర్ర పట్టుకుని నడిచేవారు అందరితో పాటే ఎక్కి దిగగలరు. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 1986లో ఎత్తైన నేల ఉన్న బోగీలతో సేవ మొదలైనప్పుడు, చక్రాల కుర్చీల కోసం స్టేషన్లలో విడిగా లిఫ్టులు పెట్టవలసి వచ్చింది. లిఫ్టు పనిచేసినంతసేపూ రైలు కదలకుండా నిలబడాలి. 1997లో అక్కడ తక్కువ ఎత్తు నేల ఉన్న బోగీలు వచ్చాకే ఆ ఇబ్బంది తీరడం మొదలైంది. సమమట్టం ఒకసారి కట్టేస్తే శాశ్వతంగా ఉండిపోతుందనుకోవడం కూడా సరికాదు. చక్రాలు అరిగే కొద్దీ వాటి వ్యాసం తగ్గుతుంది, అందులో సగం మేరకు బోగీ నేల కిందికి దిగుతుంది. ఆ తేడాను సరిచేయడానికి డిపోలో సస్పెన్షన్ దగ్గర పలుచని లోహపు పలకలు చేరుస్తారు. ఆ పని వాయిదా పడితే మూడు సెంటీమీటర్ల మెట్టు ఏర్పడుతుంది, చక్రాల కుర్చీ ముందు చక్రం ఆగిపోవడానికి ఆ మాత్రం ఎత్తు చాలు.

అపోహ: ఎన్ని ఎక్కువ స్టేషన్లుంటే ప్రయాణికులకు అంత సౌకర్యం.

వాస్తవం: ప్రతి స్టాపు బ్రేకు వేయడం, ఆగడం, తిరిగి వేగం అందుకోవడం అన్నీ కలిపి సుమారు 35 సెకన్లు తీసుకుంటుంది. 12 కిలోమీటర్ల లైన్ మీద 600 మీటర్లకొకటి బదులు 300 మీటర్లకొకటి స్టేషన్ పెడితే 20 స్టేషన్లు పెరిగి, ఒక వైపు ప్రయాణం దాదాపు 12 నిమిషాలు పొడవవుతుంది. రానూపోనూ అది 24 నిమిషాలు కాబట్టి, అదే 6 నిమిషాలకొక రైలు నడపడానికి దాదాపు నాలుగు రైళ్లు, వాటికి సరిపడా డ్రైవర్లు అదనంగా కావాలి. దీనికి బదులుగా లైన్ వెంబడి ఉన్నవారికి తగ్గే నడక సగటున 75 మీటర్లు మాత్రమే. అయితే దీన్ని ఉట్టి లెక్కగా చూడకూడదని కూడా నా అభిప్రాయం. ఆస్పత్రి, వృద్ధులు ఎక్కువగా ఉండే కాలనీ, నిటారుగా ఎక్కవలసిన వీధి ఉన్నచోట 75 మీటర్లు చాలా పెద్ద దూరం. అలాంటి చోట్ల దగ్గరగా స్టేషన్ ఇచ్చి, మిగతా చోట్ల దూరం పెంచడం సబబు.

అపోహ: స్టేషన్ కూడలికి ఇవతల ఉన్నా, అవతల ఉన్నా తేడా ఏమీ లేదు.

వాస్తవం: రోడ్డు మట్టంలో నడిచే లైన్‌కు ఇంతకన్నా ముఖ్యమైన నిర్ణయాలు కొన్నే ఉంటాయి. రైలుకు సిగ్నల్ ప్రాధాన్యం ఇవ్వాలంటే అది కూడలికి ఎన్ని సెకన్లలో చేరుతుందో ముందే తెలియాలి. పట్టాల దగ్గర అమర్చిన డిటెక్టర్ రైలు రాకను సిగ్నల్ కంట్రోలర్‌కు తెలుపుతుంది, కంట్రోలర్ అడ్డరోడ్డు పచ్చదీపాన్ని కొంచెం ముందుగా ముగించడమో, రైలు పచ్చదీపాన్ని కొంచెం పొడిగించడమో చేస్తుంది. ప్లాట్‌ఫామ్ కూడలి దాటాక ఉంటే రైలు ఆగకుండా నిలకడైన వేగంతో వస్తుంది కాబట్టి ఈ అంచనా సరిగ్గా సరిపోతుంది. కూడలికి ముందే ప్లాట్‌ఫామ్ ఉంటే మాత్రం, తలుపులు 15 సెకన్లలో మూసుకుంటాయా, 50 సెకన్లు పడుతుందా అన్నది ఎవరూ చెప్పలేరు. జనం ఇంకా ఎక్కుతుండగానే పచ్చదీపం వచ్చి పోతుంది, తలుపులు మూసుకునేసరికి ఎర్రదీపం పడుతుంది. అప్పుడు అడ్డరోడ్డులోని వాహనాలూ నష్టపోతాయి, రైలూ నష్టపోతుంది.

ఇంకో ప్రయోజనం స్థలానిది. రెండు దిశల ప్లాట్‌ఫామ్‌లనూ కూడలి దాటాకే పెడితే అవి ఎదురెదురుగా కాక కూడలికి చెరో వైపున పడతాయి. దానివల్ల కూడలి ముందు భాగంలో రోడ్డు వెడల్పు మిగిలి, మలుపు తిరిగే వాహనాలకు విడి వరుస ఇవ్వడం వీలవుతుంది. కూడలి దాటిన వెంటనే మరో అడ్డరోడ్డు ఉండి రైలు తోక భాగం కూడలిలోనే నిలిచిపోయే పరిస్థితి ఉన్నా, బస్సు మారేవారంతా ఇవతలి వైపే దిగేట్టయినా ఈ సూత్రాన్ని పక్కన పెట్టాలి. ఈ మినహాయింపులను పటం మీద కాక, ఆ కూడలిలో రద్దీ వేళ నిలబడి చూసి తేల్చుకోవడం మంచిది.

అపోహ: పటంలో నాలుగు రంగులుంటే నాలుగు వేర్వేరు పట్టాల మార్గాలున్నట్టే.

వాస్తవం: పటంలోని రంగు ఒక సర్వీసును సూచిస్తుంది. చాలా నగరాల్లో శివార్ల నుంచి వచ్చే శాఖలన్నీ నగర కేంద్రంలో ఒకే జత పట్టాల మీద కలుస్తాయి. పోర్ట్‌లండ్‌లో 2009లో ఆకుపచ్చ లైన్ వచ్చాక నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రైళ్లన్నీ విలమెట్ నది మీద 1912 నాటి స్టీల్ బ్రిడ్జిని దాటేవి. అది పడవల కోసం పైకి లేచే వంతెన, పైగా దాని మీద రైళ్లు నెమ్మదిగా వెళ్లాలి. అటువంటి ఉమ్మడి భాగంలో 2 నిమిషాలకొక రైలు నడపగలిగితే గంటకు 30 రైళ్లు పడతాయి; మూడు శాఖలకు పంచితే ఒక్కో శాఖకు దక్కేది 6 నిమిషాలకొకటి. శివారులో ఎంత డిమాండ్ ఉన్నా, అక్కడి పట్టాలు ఎంత ఖాళీగా ఉన్నా ఆ శాఖకు అంతకు మించి ఇవ్వలేం.

ఆలస్యం కూడా ఉమ్మడి ఆస్తి అవుతుంది. ఒక శాఖలోని రైలు మూడు నిమిషాలు ఆలస్యంగా జంక్షన్‌కు చేరితే, దాని వంతు కోల్పోయి వేరే రంగు రైలుకు అడ్డం పడుతుంది. ఇక రైళ్లు జంటలుగా రావడం మొదలవుతుంది. టైమ్‌టేబుల్లో 5 నిమిషాలకొకటి అని ఉన్నా, నిజానికి 10 నిమిషాలకొకసారి రెండేసి కలిసి వస్తుంటే, సగటున నిరీక్షణ రెండున్నర నిమిషాలకు బదులు 5 నిమిషాలవుతుంది. మొదటి రైలు కిక్కిరిసి, రెండోది ఖాళీగా వెళ్తుంది. కొత్త శాఖను ప్రకటించేటప్పుడు ఉమ్మడి భాగంలో దానికి చోటుందా అన్న ప్రశ్నకే ముందు సమాధానం రావాలి.

అపోహ: రద్దీ పెరిగితే బోగీలు కలిపితే సరిపోతుంది.

వాస్తవం: ప్లాట్‌ఫామ్ పొడవు ఒప్పుకోవాలి, రోడ్డూ ఒప్పుకోవాలి. పోర్ట్‌లండ్ నగర కేంద్రంలో రెండు అడ్డరోడ్ల మధ్య దూరం 200 అడుగులే, అంటే సుమారు 61 మీటర్లు. ఆగిన రైలు అడ్డరోడ్డును మూసేయకూడదు కాబట్టి అక్కడి రైళ్లు రెండు బోగీలకు పరిమితం. లండన్‌లోని డాక్‌లాండ్స్ లైట్ రైల్వే 1987లో ఒక్క బోగీ రైళ్లతో మొదలైంది. రద్దీ పెరిగాక రెండు, ఆ తర్వాత మూడు బోగీలకు పెంచవలసి వచ్చి, స్టేషన్ తర్వాత స్టేషన్‌ను పొడిగించారు. 1999లో భూగర్భంలో తెరిచిన కట్టీ సార్క్ స్టేషన్‌ను అలా పొడిగించలేదు. మూడు బోగీల రైలు అక్కడ ఆగినప్పుడు చివరి తలుపులు కొన్ని తెరుచుకోవు, ప్రయాణికులు ముందే లోపల మధ్యకు జరగాలి. మొదటి రోజున అవసరం లేకపోయినా ప్లాట్‌ఫామ్ పొడిగింపుకు స్థలం వదిలిపెట్టమని మేము పట్టుబట్టేది ఇందుకే. భూగర్భ స్టేషనయితే పూర్తి పొడవును మొదటే కట్టేయాలి.

అపోహ: వీధిలోని పట్టాల మీద కాలు పెడితే షాక్ కొడుతుంది.

వాస్తవం: తలమీది తీగ నుంచి విద్యుత్తు తీసుకునే లైన్లలో పట్టాలు రైలు నుంచి వెనక్కి వెళ్లే తిరుగు విద్యుత్తును మాత్రమే మోస్తాయి, వాటికీ నేలకూ మధ్య వోల్టేజీని సురక్షిత పరిమితిలో ఉంచుతారు. జనం దాటడానికే ఆ వీధిని రూపొందిస్తారు. అయితే డాక్‌లాండ్స్ వంటి చోట్ల పట్టాల పక్కన రైలుకు విద్యుత్తు అందించే 750 వోల్టుల మూడో పట్టా ఉంటుంది, దాన్ని తాకితే ప్రాణం పోతుంది. అందువల్ల ఒక నగరంలోని అలవాటును ఇంకో నగరానికి తీసుకెళ్లకూడదు.

అపోహ: చివరి స్టేషన్‌లో రైలు ఊరికే నిలబడడం వృథా.

వాస్తవం: ఆ నిలకడే లైన్‌ను కాపాడుతుంది. దారిలో ఏర్పడిన ఆలస్యాన్ని తిరుగు ప్రయాణానికి అంటించకుండా తుడిచేసే చోటు టెర్మినల్ ఒక్కటే. డ్రైవర్ ముందు క్యాబిన్ మూసి, 60 మీటర్ల రైలు పొడవునా నడిచి, రెండో క్యాబిన్‌లో తాళం తిప్పి, బ్రేకు పరీక్షించుకోవాలి. మూత్రశాలకు వెళ్లి రావడానికీ, మంచినీళ్లు తాగడానికీ డ్రైవర్‌కు సమయం కావాలి. కాగితం మీద ఈ నిమిషాలను కోసి ఒక రైలు మిగిల్చామని చెప్పుకునే టైమ్‌టేబుళ్లు రద్దీ వేళ రెండో ట్రిప్పుకే చెదిరిపోతాయి.

ఎంతసేపు నిలబడవచ్చన్నది పట్టాల అమరిక మీద ఆధారపడుతుంది. రెండు ప్లాట్‌ఫామ్‌ల టెర్మినల్‌కు 5 నిమిషాలకొక రైలు వస్తుంటే, ఒక్కో ప్లాట్‌ఫామ్‌కు 10 నిమిషాలకొకసారి వంతు వస్తుంది. లోనికి రావడానికీ బయటికి పోవడానికీ 2 నిమిషాలు తీసేస్తే నిలబడడానికి 8 నిమిషాలు మిగులుతాయి. అదే లైన్‌ను 3 నిమిషాలకొకటిగా మారిస్తే మిగిలేది 4 నిమిషాలే. రైళ్లు ఒక పట్టా నుంచి ఇంకోదానికి మారే క్రాసోవర్ ప్లాట్‌ఫామ్‌కు వంద మీటర్ల దూరంలో పడితే, వచ్చే రైలు దాన్ని దాటేంతవరకూ పోయే రైలు కదలకూడదు కాబట్టి ఆ 4 నిమిషాలు కూడా దక్కవు. దీనికి మందు క్రాసోవర్‌ను ప్లాట్‌ఫామ్ అంచుకు వీలైనంత దగ్గరగా పెట్టడం, లేదా స్టేషన్ దాటాక రైలు వెనుదిరగడానికి వంద మీటర్ల పైచిలుకు పట్టాలు వేయడం. ప్రయాణికులు ఎప్పుడూ చూడని ఆ ముక్క మీద ఖర్చు తగ్గించమని బడ్జెట్ సమావేశాల్లో ఎవరైనా సూచిస్తే, లైన్ తెరిచిన తర్వాత 3 నిమిషాలకొక రైలు ఎన్నటికీ నడపలేమని అక్కడికక్కడే రాతపూర్వకంగా చెప్పాలి.