మూత తీయకుండా తీయాల్సిన ఫోటో

రాత్రి ఆకాశానికి నాలుగైదు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన ఫోటోను జూమ్ చేసి చూడండి. నక్షత్రాల మధ్య ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. సెన్సర్ పోయిందని కొందరు టెన్షన్ పడతారు, ఇంకొందరు గ్రహాంతరవాసుల దాకా వెళ్తారు. సంగతి తేల్చడానికి లెన్స్ మూత చాలు. మూత పెట్టి, వ్యూఫైండర్‌ను కూడా గుడ్డతో కప్పి, అదే ఐఎస్ఓతో, అంతే సేపు, కెమెరా చల్లబడకముందే ఇంకో ఫోటో తీయండి. రా ఫైల్ (కెమెరా సవరించని ముడి ఫైల్) అయితే మరీ మంచిది. అవే చుక్కలు అక్కడే వస్తే అవి హాట్ పిక్సెళ్లు, అంటే వెలుగు లేకున్నా వెలిగినట్టు చూపించే పిక్సెళ్లు.

వెలుగే లేనప్పుడు చుక్క ఎలా వచ్చింది? సెన్సర్ కాంతిని కొలుస్తుందని పాఠాల్లో చెప్పి వదిలేస్తారు. నిజానికి అది కొలిచేది ఎలక్ట్రాన్లను. వాటిని కాంతి లేపిందా, వేడి లేపిందా అన్నది దానికి అనవసరం. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ విడిపడాలంటే సుమారు 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గది వేడి సగటున ఇచ్చేది 0.025 దరిదాపుల్లోనే. అయినా కోటానుకోట్లలో ఏ ఒక్కటో గట్టెక్కుతుంది. స్ఫటికంలో లోపం ఉన్నచోట ఆ అంతరం నడుమ ఇంకో శక్తిస్థాయి ఏర్పడుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు రెండు అంచెల్లో సులువుగా ఎక్కేస్తాయి.

పిక్సెల్‌ను బావి అనుకోండి, కాంతి వాన. వాన లేకున్నా అడుగున ఊట ఉంటుంది. అన్ని బావుల్లోనూ ఉంటుంది, లోపమున్న బావిలో జోరుగా ఉంటుంది. ఒక్క సెకనులో అది తెలియదు, ఐదు నిమిషాల్లో నీళ్లు పైకొచ్చేస్తాయి. సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే ఊట దాదాపు రెట్టింపవుతుంది. అందుకే చలి రాత్రి శుభ్రంగా వచ్చిన కెమెరాలోనే ఉక్కపోత రాత్రి చుక్కలు పుట్టుకొస్తాయి. ఊటనీటికి రంగు లేదు. కానీ ప్రతి బావి మీదా ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది; ఆ బావి మీద ఎర్ర ఫిల్టర్ ఉంటే, వచ్చిందంతా ఎర్ర వానేనని కెమెరా నమ్ముతుంది. రంగుల లెక్కలో పక్క పిక్సెళ్లకూ అది అంటుకుని, జేపెగ్‌లో చుక్క కాస్తా మరకవుతుంది.

కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగ్ చేసేది ఈ మూత పరీక్షే. షట్టర్ మూసి, అంతే సేపు ఊటను మాత్రమే కొలిచి, అసలు ఫోటోలోంచి తీసేస్తుంది. కెమెరా హ్యాంగ్ అయిందని బ్యాటరీ పీకేసేది సరిగ్గా అప్పుడే! అయితే ఊట ఎప్పుడూ ఒకేలా ఉండదు. సగటున 100 ఎలక్ట్రాన్లు ఊరేచోట ఒకసారి 90, ఇంకోసారి 110 రావచ్చు. ఆ తేడా తీసివేతకు లొంగదు. ఊటతోనే నిండి పొర్లిన బావిలో వాన ఎంత పడిందో అసలే తెలియదు. అక్కడ నల్లచుక్క మిగులుతుంది.

ఒకే ఫోటోలో కనిపించి, మళ్లీ రాని చిన్న గీత బహుశా అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల పని. మూత ఫోటోలో మూలన ఊదారంగు వెలుగు పరుచుకుంటే సెన్సర్ పక్కనున్న సర్క్యూట్లను అనుమానించాలి. చిన్న ఎక్స్‌పోజర్లలోనూ వదలని చుక్కలకు, కెమెరాలో ఉంటే, చెడ్డ పిక్సెళ్లను గుర్తించి పక్కన పెట్టే పిక్సెల్ మ్యాపింగ్ నడపండి. పైనుంచి కిందిదాకా నిలువు గీత ప్రతిసారీ వస్తుంటే మాత్రం అది ఒక్క బావి గొడవ కాదు, ఆ వరుసను చదివే దారిలోనే తేడా ఉంది. మ్యాపింగ్‌తో పోకపోతే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సిందే.