కార్పెట్ మీద టీ, కాఫీ, షర్బత్ మరకలు: అపోహలు – వాస్తవాలు

కార్పెట్లు శుభ్రం చేసే పనిలో మా దగ్గరికి వచ్చే మొండి మరకల్లో చాలావాటిని మొండివిగా మార్చింది టీయో కాఫీయో కాదు. ఒలికిన మొదటి పది నిమిషాల్లో దాని మీద పడ్డ వేడినీళ్లు, డిటర్జెంట్ పౌడరు, బ్రష్షు. అందుకే ఏ చిట్కా పాటించాలన్నా ముందు రెండు సంగతులు తేలాలి: ఒలికినదాంట్లో రంగునిచ్చేది ఏది, కింద ఉన్న పోగు ఏది.

పోగు సంగతి వెనకవైపు లేబుల్ చెబుతుంది. లేబుల్ లేకపోతే అంచు నుంచి చిన్న పోగు కత్తిరించి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అంటించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే ఊలు లేదా పట్టు. కాగితం కాలినట్టుంటే నూలు, జనపనార, మొక్కల గుజ్జుతో చేసే విస్కోస్‌లలో ఒకటి. కరిగి గట్టి పూసలా ముద్దకడితే సింథటిక్. సింథటిక్‌లలో ఏదో తెలియాలంటే ఇంకో పోగును నీళ్లలో వేసి, గాలి బుడగలు పోయేలా నలిపి వదలండి. పైకి తేలితే పాలీప్రొపిలీన్. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి.

అపోహ: టీ ఒలికిన వెంటనే వేడినీళ్లు, డిటర్జెంట్ వేసి కడిగేస్తే పోతుంది.

వాస్తవం: టీకీ, కాఫీ డికాషన్‌కీ, రెడ్ వైన్‌కీ రంగునిచ్చేవి టానిన్లు, వాటి కోవకు చెందిన మొక్కల రంగులు. ఇవి ఆమ్లానికి లొంగుతాయి, క్షారం తగిలితే ముదురుతాయి. బట్టల సబ్బు, డిటర్జెంట్ పౌడరు, వంటసోడా మూడూ క్షారాలే. అర గ్లాసు పాలు లేని టీలో చిటికెడు వంటసోడా వేసి చూడండి, రంగు చిక్కబడుతుంది. అదే టీలో నిమ్మకాయ పిండితే తేలికవుతుంది. కార్పెట్ పోగు మీద జరిగేదీ ఇదే.

పైగా మన ఇళ్లలో టీ కాఫీలంటే పాలు, పంచదార కలిసినవే. పాలలోని ప్రొటీన్ వేడికి గట్టిపడి పోగును పట్టుకుంటుంది. అందుకే మొదటి తడి చల్లటి నీళ్లదే కావాలి. ఊలు తివాచీకి మరో ముప్పు కూడా ఉంది. చాలా డిటర్జెంట్ పౌడర్లలో ప్రొటీన్‌ను కరిగించే ఎంజైములు ఉంటాయి, ఊలు కూడా ప్రొటీనే. ఆ పౌడర్లలోనే ఉండే, బట్టల్ని తెల్లగా మెరిపించే రసాయనాలు పోగులో ఉండిపోతే అక్కడ రంగు తేడాగా కనబడుతుంది.

మేం చెప్పే పద్ధతి ఇది. తెల్లటి నూలు టవలును మడతపెట్టి మరక మీద వేసి, దాని మీద నిలబడండి. తడి పీల్చిన మడత మార్చి మళ్లీ ఒత్తండి. టవలుకు తడి అంటడం ఆగేదాకా ఇదే పని, మిగతాదంతా దీని తర్వాతే. ఆపైన ఒక గ్లాసు (200 మి.లీ.) చల్లటి నీళ్లలో పావు టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దండి. పాల జిడ్డు, పంచదార దీంతో వదులుతాయి. మంచినీళ్లతో అద్ది తడి లాగేయండి. అప్పుడు ఒక వంతు తెల్ల వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి మరక మీద అద్ది, ఐదు నిమిషాలు ఆగి ఒత్తి తీయండి. చివర మళ్లీ మంచినీళ్లు, మళ్లీ పొడి టవలు. కిరాణా కొట్లో దొరికే 4 శాతం సింథటిక్ వెనిగర్ చాలు. యాపిల్ సైడర్ వెనిగర్ వద్దు, దానికే రంగుంటుంది.

ఇదంతా చేసేముందు సోఫా కింద మూలలో పరీక్ష తప్పనిసరి. వాడబోయేది కొంచెం అద్ది, ఐదు నిమిషాలయ్యాక తెల్లగుడ్డతో ఒత్తండి. గుడ్డకు కార్పెట్ రంగు అంటితే ఆగిపోండి. ఏలూరు ఊలు తివాచీ, వరంగల్ జంపఖానా లాంటి చేతి పనితనం ఉన్నవాటికైతే ఈ పరీక్ష లేకుండా నీటిచుక్క కూడా వేయకూడదు.

అపోహ: వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే ఆ పొంగుతో మరక లేచివస్తుంది.

వాస్తవం: ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొంగు కేవలం కార్బన్ డయాక్సైడ్, మిగిలేది ఉప్పునీళ్ల లాంటి సోడియం ఎసిటేట్. వెనిగర్ ఒక్కటే వాడితే వచ్చే ఫలితం కూడా ఇందులో పోతుంది.

అపోహ: గట్టిగా రుద్దితేనే పోతుంది.

వాస్తవం: రుద్దితే మరక వెడల్పవుతుంది, పోగు కొసల పురి విడిపోయి నూగు లేస్తుంది. మరక పోయినా ఆ చోట వెలుగు వేరేగా పడి మచ్చలాగే కనబడుతుంది. దానికి మందు లేదు.

అపోహ: ఉప్పు పోస్తే, సోడా నీళ్లు పోస్తే మరక లాగేస్తుంది.

వాస్తవం: ఉప్పు కొంత తడి పీలుస్తుంది, అంతకంటే పొడి టవలు ఎక్కువ పీలుస్తుంది. పోగుల్లో మిగిలిన ఉప్పు వానాకాలంలో చెమ్మ పట్టి ఆ చోటును జిగటగా ఉంచుతుంది. సోడా నీళ్లు చేసే పని మామూలు నీళ్లూ చేస్తాయి.

అపోహ: ఆరాక మరక మళ్లీ తేలిందంటే ఇక పోదని అర్థం.

వాస్తవం: మాకు ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే. కప్పు టీ ఒలికితే పైన కనబడేది కొంతే, మిగతాది పోగుల మొదళ్లకు, వెనకున్న అట్ట దాకా దిగుతుంది. మనం పైపైన తుడిచి సంతోషిస్తాం. ఆరేటప్పుడు నీరు పోగు కొస నుంచి ఆవిరవుతుంది కనుక, ప్రమిదలో వత్తి నూనెను లాగినట్టు పోగు కిందనున్న రంగును పైకి లాగుతుంది. నీరు పోతుంది, రంగు కొసన ఉండిపోతుంది. ఇది కొత్త మరక కాదు, దిగిపోయిన పాతదే. ఒక రకంగా మేలే, అందనిది ఇప్పుడు చేతికి అందింది.

అప్పుడు మళ్లీ నీళ్లు గుమ్మరించకండి. కొసలు మాత్రమే తడిచేలా వెనిగర్ నీళ్లు అద్ది, ఒత్తి తీయండి. తర్వాత తెల్ల టవలును నాలుగైదు మడతలు పెట్టి మరక మీద పరిచి, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆపైన నీళ్లు నింపిన బిందె లాంటి బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈసారి పైకి వచ్చే రంగు టవలులోకి పోతుంది. రంగు అంటినంత కాలం మర్నాడూ ఇదే చేయాలి.

మరక పోయిన చోటే వారం పది రోజుల్లో నల్లబడితే కారణం వేరు. పంచదారో సబ్బో మిగిలి దుమ్మును పట్టుకుంటోంది. దానికి కావలసింది గోరువెచ్చని మంచినీళ్లు మాత్రమే.

అపోహ: లేతరంగు కార్పెట్‌కు బ్లీచ్ వేస్తే సరి.

వాస్తవం: బట్టల బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. అది ఊలును, పట్టును కరిగించేస్తుంది. వెనిగర్ అద్దిన చోట పోస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. పాత కాఫీ మరకకు పనికొచ్చేది హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో దొరికే సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటే అది సుమారు 6 శాతం. సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చి, మూల పరీక్ష చేసి, మరక మీద మాత్రమే అద్ది అరగంట ఉంచండి. తేలికపడితే రెండోసారి అద్దండి, చివర మంచినీళ్లతో తీసేయండి. ముదురు రంగు తివాచీ మీద వాడకండి, పోయిన అద్దకం తిరిగి రాదు. పెరాక్సైడ్‌నూ వెనిగర్‌నూ ఒకే సీసాలో కలపకూడదు.

అపోహ: ఎర్ర షర్బత్ అయినా టీ అయినా పద్ధతి ఒకటే.

వాస్తవం: ఇక్కడ వెనిగరే శత్రువు. ఎర్రటి పానీయాల్లో వాడే కార్మోయిసిన్, పోన్సో 4ఆర్ లాంటి రంగులు ఊలుకూ నైలాన్‌కూ అద్దకం వేసే రంగుల జాతివే. ఊలుకు ఆ రంగు పట్టించాలంటే చేసేదే ఆమ్లం కలిపి వేడిచేయడం. కాబట్టి వెనిగర్ వద్దు, వేడి వద్దు. చల్లటి నీళ్లు, పైన చెప్పిన లిక్విడ్, ఓపికగా అద్దడం, అంతే. పాలీప్రొపిలీన్ అయితే ఎక్కువసార్లు ఇంతటితోనే వదిలిపోతుంది. ఊలు, నైలాన్‌లలో ఎరుపు ఆరిపోతే పనివాళ్లకు అప్పగించండి. రంగును విరగ్గొట్టే రసాయనంతో, కొలత ప్రకారం వేడితో చేయాల్సిన పని అది. కార్పెట్ సొంత రంగూ పోయే ప్రమాదం ఉంటుంది.

అపోహ: పసుపు పాలు ఒలికిన చోట సబ్బు వేస్తే ఎర్రబడింది, ఇక పాడైనట్టే.

వాస్తవం: పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. వెనిగర్ నీళ్లు అద్దితే తిరిగి పచ్చబడుతుంది. జిడ్డు తీశాక మిగిలిన పసుపుదనానికి ఎండే మందు. నూలు జంపఖానాను కొన్ని పూటలు ఎండలో వేస్తే వెలిసిపోతుంది. రంగురంగుల తివాచీకి మాత్రం ఎండ ఎక్కువైతే దాని రంగులూ వెలుస్తాయి.

అపోహ: మేడమీద పరిచి పైపుతో కడిగితే అన్ని మరకలూ ఒకేసారి పోతాయి.

వాస్తవం: జంపఖానాకు రంగు దిగకపోతే ఫర్వాలేదు. వెనక జిగురుతో అతికించిన కార్పెట్‌కు పొరలు విడిపోతాయి. వెనక జనపనార ఉంటే నానినప్పుడు దాని గోధుమరంగు పైకి ఎక్కుతుంది. తడిపినది ఏదైనా ఒక రోజులో ఆరాలి, లేకపోతే బూజు వాసన మొదలవుతుంది. వానల్లో అయితే కింద రెండు స్టూళ్లు పెట్టి కార్పెట్ అంచు పైకి లేపి, రెండు వైపులా గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టండి.

ఆర్ట్ సిల్క్, బ్యాంబూ సిల్క్ పేర్లతో అమ్మే మెరుపు తివాచీల్లో చాలావరకు విస్కోస్ ఉంటుంది. తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, ఆరాక గట్టిపడి పసుపురంగుకు తిరుగుతుంది. వాటి మీద ఏది ఒలికినా పొడి టవలుతో ఒత్తి తీయడం వరకే చేయండి. నీళ్లు కూడా వేయకుండా, ఒలికింది ఏమిటో చెప్పి అదే రోజు పనివాళ్లకు ఇవ్వండి.