చిక్ ట్రాక్ట్‌లు: జనం అనుకునేది ఒకటి, జరిగింది ఇంకోటి

పాత మత కరపత్రాలు సేకరించి భద్రపరిచే పని నాది. అమెరికాలో జాక్ చిక్ అనే ఆయన వేసిన బొమ్మల మత కరపత్రాలు, అదే చిక్ ట్రాక్ట్‌ల మాట వస్తే చాలు, అవే తప్పులు మళ్ళీ మళ్ళీ వింటున్నా, అందుకే రాస్తున్నా.

అపోహ: సువార్త కరపత్రాలు కనిపెట్టిందే జాక్ చిక్.
కాదండి. లండన్‌లో రిలీజియస్ ట్రాక్ట్ సొసైటీ 1799లోనే పెట్టారు. చిక్ 1960ల్లో కాలిఫోర్నియా నుంచి చేసింది ఏంటంటే, దాన్ని చేతిలో ఇమిడే బొమ్మల కథగా మార్చడం. ఆయన వేసిన "దిస్ వజ్ యువర్ లైఫ్" ట్రాక్ట్ తీసుకోండి, ఒకడు హఠాత్తుగా చచ్చిపోతాడు, దేవదూత పైకి తీసుకెళ్తాడు, అక్కడ వాడి బతుకంతా సినిమాలాగా వేసి చూపిస్తారు, సింహాసనం మీద కూర్చున్న దేవుడికి మాత్రం మొహం ఉండదు, ఒట్టి వెలుగే. చదువురానోడికి కూడా భయం పుట్టే బొమ్మ అది.

అపోహ: బొమ్మలన్నీ ఆయనే గీశాడు.
1972లో ఫ్రెడ్ కార్టర్ అనే నల్లజాతి ఆర్టిస్ట్ చేరాడు. నీడలు, కండలు, మొహాల్లో బెదురు అంత నిజంగా కనపడే బొమ్మలు ఆయనవి. ఏళ్ళ తరబడి పేరే పడలేదు. అంత పనోడి పేరు ఇప్పటికీ చాలామందికి తెలీకపోవడం నాకు బాధే.

అపోహ: ఫ్రీగా పంచుతారు కాబట్టి ఫ్రీగానే వస్తాయి.
చర్చిలు, విశ్వాసులు డబ్బులిచ్చి కొని పంచుతారు. వెనక అట్ట మీద చర్చి స్టాంపు వేసుకోడానికి ఖాళీ ఉంటుంది.

అపోహ: వీటిని తిట్టింది క్యాథలిక్కులు, నాస్తికులే, ఎవాంజెలికల్స్ (సువార్త ప్రచారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లు) అంతా చిక్ వైపే.
అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. 1979లో చిక్ వేసిన "ఆల్బర్టో" కామిక్ వచ్చింది, ఆల్బర్టో రివేరా అనే ఆయన నేను మాజీ జెసూట్‌ని (జెసూట్లంటే ఒక క్యాథలిక్ గురువుల సంఘం), ప్రొటెస్టెంట్ చర్చిల్ని నాశనం చెయ్యమని నన్ను పంపారు అని చెప్పుకున్న కథ. దాన్ని తవ్వి మోసం అని 1981 మార్చిలో రాసింది ఎవరనుకున్నారు, క్రిస్టియానిటీ టుడే, ఎవాంజెలికల్స్ సొంత పత్రిక! పెళ్ళి చేసుకోని క్యాథలిక్ గురువుగా ఉన్నానని చెప్పిన రోజుల్లోనే రివేరాకి పెళ్ళాం, పిల్లలు ఉన్నారని బయటపెట్టారు. సొంత వర్గం అని చూడకుండా నిజం రాసినవాళ్ళంటే నాకు ఎప్పటికీ గౌరవమే. అదే ఏడాది చిక్ క్రైస్తవ పుస్తక వ్యాపారుల సంఘం నుంచి బయటికొచ్చేశాడు, కథ మాత్రం ఆపలేదు, 1988లో ఆరో భాగంలో ఇస్లాంని పుట్టించింది కూడా వాటికన్, అంటే క్యాథలిక్ చర్చి పెద్దలే అన్నాడు. 2016లో చిక్ చనిపోయాక కూడా ఆ కామిక్‌లు అమ్ముతూనే ఉన్నారు, కాబట్టి "మాజీ జెసూట్ చెప్పిన రహస్యం" అంటూ ఎవరైనా మీకు పంపితే ఫార్వర్డ్ చేసేముందు ఆ 1981 వ్యాసం ఒకసారి చదవమనండి.