నీళ్లున్నంత మాత్రాన కొల్లేరు బాగున్నట్టేనా?

శీతాకాలంలో కొల్లేటి పక్షులు చూడ్డానికి ఆటపాక వెళ్లొచ్చినవాళ్లు ఒకటే మాట చెబుతారు: ఎన్ని గూడబాతులో, కొల్లేరు కళకళలాడుతోంది అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఆ పక్షుల్లో చాలావాటికి గూళ్లు అటవీ శాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీదే ఉన్నాయని, చుట్టూ చేపల చెరువులుండబట్టి వాటికి తిండికి లోటు లేదని తెలిసేదాకా. పక్షులు ఎక్కువున్నాయంటే తిండి దొరుకుతోందని అర్థం. సరస్సు బాగుందా లేదా అన్నది వేరే లెక్క.

ఆ లెక్కలో రెండు ప్రశ్నలున్నాయి, మనం వాటిని కలిపేస్తుంటాం. నీళ్లలో జీవం ఎలా ఉంది అన్నది ఒకటి, ఆ చిత్తడి నేల చెయ్యాల్సిన పని చేస్తోందా అన్నది ఇంకొకటి.

మొదటిదానికి అందరూ అడిగేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములుండాలని మన కాలుష్య నియంత్రణ ప్రమాణాలు చెబుతాయి. అయితే ఎప్పుడు కొలిచారు? మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే పచ్చటి నాచు పట్టిన మురికి నీళ్లు కూడా ఫస్టుక్లాసులో పాసవుతాయి, ఎందుకంటే ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. రాత్రయ్యేసరికి అదే నాచు చేపలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చేస్తుంది, తెల్లవారుజాముకి ఆ ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపల రైతును అడగండి, ఏరేటర్ ఏ వేళకి ఆన్ చేస్తాడో, ఏ వేళకి టెన్షన్‌గా గట్టెక్కి చూస్తాడో చెబుతాడు.

మీటరు లేకపోతే బురద చాలు. అడుగునుంచి ఒక దోసెడు తీసి, జల్లెడలో కడిగి, తెల్ల పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి వదలండి. కాసేపటికి కదలడం మొదలవుతుంది. తూనీగ పిల్లలు, నత్తలు, రకరకాల పురుగులు కనిపిస్తే పర్వాలేదు. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే అనుమానించాలి. ఆ ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే, ఆక్సిజన్ దాదాపు లేని బురదలోనూ దాంతో నెట్టుకొస్తాయి. వలలో పడేవాటినీ ఇలాగే చదవొచ్చు: కొరమీను, మార్పు పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి అవి దొరికినంత మాత్రాన నీళ్లకు మంచి మార్కులు వెయ్యలేం. మీటరు ఆ క్షణం సంగతి చెబుతుంది, ఈ పురుగులు, చేపలు కొన్ని నెలల సంగతి చెబుతాయి.

ఇక రెండో ప్రశ్న. నా మటుకు నాకు ఇదే పెద్దది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా డ్రెయిన్లు, కాలువలు కలుపుకుంటే కొల్లేటి చాంతాడంత లిస్టు, ఆ నీళ్లన్నీ వచ్చి ఇందులోనే పడాలి. బయటికి దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. వచ్చినంత వేగంగా పోదు కాబట్టి సరస్సు పరుచుకుని ఆపుకోవాలి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి ప్రాంతం 308 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క అడుగు నీళ్లు నిలిస్తే ఎంతో లెక్కేస్తే 3.3 టీఎంసీలు వచ్చింది. ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల చిల్లర. ఒక్క అడుగుకి ఒక బ్యారేజీ అన్నమాట! అందులో సగం జాగాకి గట్లు వేసి చెరువులు చేశామనుకోండి, అవే నీళ్లు మిగతా సగంలో రెండడుగులు లేస్తాయి, లంక గ్రామాల్లోకీ పైనున్న పొలాల్లోకీ ఎగదన్నుతాయి. పైనుంచి చూస్తే ఆ చెరువులూ నీళ్లే, శాటిలైట్ ఫొటోలో నీలంగానే ఉంటాయి. ఆ గట్ల లోపల మాత్రం వరదకి చోటు లేదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు, తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. కొట్టేసిన చోట బతుకుతెరువు పోయినవాళ్లూ ఉన్నారు, అది ఈ లెక్కల్లో కనపడదు.

అందుకే మ్యాపులో నీలం రంగు ఎంతుందని కాక, నీటిమట్టం ఏడాదిలో ఎంత పెరిగి ఎంత తగ్గుతోందని అడుగుతాను. వేసవిలో అంచులు ఎండి, నేల బీటలిచ్చి గడ్డి మొలవాలి, తొలకరి నీళ్లు ఆ గడ్డిని ముంచితే చేపలు అక్కడికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. మరీ ఎండినా చిక్కే, ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీళ్లు ఎగబాకుతాయి. మేలో వెళ్లండి ఒకసారి. పక్షులు పెద్దగా ఉండకపోవచ్చు, ఫొటోలకి బాగుండదు, కానీ గట్టు లోపల నిండా నీళ్లు, గట్టు బయట ఎండిన బురద, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.