క్యాండిల్ రంగు వెలుస్తుందా? యూవీ పౌడర్ గురించి అపోహలు - వాస్తవాలు

హన్మకొండల ఇంట్లనే క్యాండిల్స్ చేసి అమ్ముతుంట. దీపావళికి, క్రిస్మస్‌కి ఆర్డర్లు ఎక్కువ, కాజీపేట ఫాతిమానగర్ దిక్కు నుంచి కూడా వస్తయి. కొత్తగ మొదలువెట్టిన చెల్లెండ్లు ఎక్కువగ అడిగేది ఒక్కటే, అక్కా మంచిగ గులాబి రంగు ఏసి షెల్ఫ్‌ల పెట్టిన, నెల తిరగకముందే పాలిపోయింది, ఏం పౌడర్ కలపాలె అని. అందరికి విడివిడిగ చెప్పేకన్న ఒక్క దగ్గర రాస్తున్న.

అపోహ: యూవీ పౌడర్ (యూవీ ఇన్‌హిబిటర్ అని కూడా అంటరు) కలిపితే రంగు ఇగ పోనే పోదు.

వాస్తవం: పోతది, కాకపోతే లేటుగ పోతది. ఎండల ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలను ఈ పౌడర్ తను పట్టుకొని కొద్దిపాటి వేడిగ మార్చి వదిలేస్తది, అందుకే డై (మైనంల కరిగే రంగు) మీద దెబ్బ తగ్గుతది, అంతే దాని పని. బెంజోఫినోన్ రకం, బెంజోట్రయజోల్ రకం ఎక్కువ వాడుతరు, సన్‌స్క్రీన్ క్రీములల్ల ఉండే ఆక్సీబెంజోన్ కూడా బెంజోఫినోన్ జాతిదే. అయితే కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా కొన్ని డైలను చెడగొడ్తది, దాన్ని ఈ పౌడర్ ఆపలేదు, ఎందుకంటే అది కనిపించే వెలుతురును కూడా మింగితే పౌడర్‌కే ఒక రంగు వచ్చి మన తెల్ల క్యాండిల్ కూడా పసుపుపచ్చగ కనపడ్తది.

అపోహ: ఎంత ఎక్కువ ఏస్తే అంత మంచిది.

మామూలుగ మైనం బరువుల 0.1 నుంచి 0.5 శాతం, అంటే కిలోకు 1 నుంచి 5 గ్రాములు, ప్యాకెట్ మీద రాసింది ఇంకోలా ఉంటే అదే పాటించాలె. చెంచాతోటి కొలవొద్దు, చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. మైనం 80-85 డిగ్రీలకు వచ్చినంక ఏసి, పూర్తిగ కరిగి తేటగ అయ్యేదాక కలపాలె. కరగకుండ అడుగున మిగిలింది రంగును కాపాడదు, పైగ వొత్తికి అడ్డం పడ్తది.

అపోహ: స్టియరిక్ యాసిడ్ ఏసినం కదా, రంగు నిలుస్తది.

స్టియరిక్ అంటే మైనంల కలిపే ఒక కొవ్వు ఆమ్లం, అది క్యాండిల్‌ను గట్టిగ చేస్తది, మౌల్డ్‌ల నుంచి సులువుగ వచ్చేటట్టు చేస్తది, రంగును నిండుగ చూపెడ్తది. ఎండను మాత్రం ఆపదు. వైబార్ అని మైనంల కలిపే ఇంకో పదార్థం కూడా అంతే, దాని పని వాసన నూనెను పట్టుకునుడు.

అపోహ: డై ఏదైనా ఒక్కటే, పౌడర్ ఉంటే చాలు.

నా లెక్కల ఇదే అన్నిటికన్న పెద్ద అపోహ, పైసలు ఎక్కువ పోయేది కూడా ఇక్కడనే. ముందు డై మంచిది ఎంచుకోవాలె, పౌడర్ తర్వాత. నియాన్ రంగులు అన్నిటికన్న తొందరగ పోతయి, గులాబి, వంకాయ రంగులతోటి కూడా జాగ్రత్త. వంకాయ రంగు ఎరుపు, నీలం డైలు కలిపి చేస్తే రెండూ ఒకే స్పీడ్‌ల వెలవవు, ఒకటి ముందు పోతది, ఇంకోటి మిగిలి క్యాండిల్ కొత్త రంగుకు మారినట్టు కనపడ్తది. పిగ్మెంట్ అయితే వెలుతురుకు ఎక్కువ నిలుస్తది కానీ మైనంల కరగదు, చిన్న చిన్న రేణువులుగ ఉండి వొత్తిని మూసేస్తది, పిల్లల క్రేయాన్లతోటి చేస్తే మంట చిన్నగయ్యేది అందుకే, పిగ్మెంట్ పైన పూతగ ముంచడానికే మంచిది. కేక్‌ల కలిపే రంగు నీళ్లల్ల కరిగే రకం, మైనంతోటి కలవనే కలవదు. నేచురల్ అని పసుపు ఏసేటోళ్లు కూడా ఉన్నరు, చీర మీద పసుపు మరక ఎండల ఆరేస్తే పోతదని మన అమ్మలందరికీ తెలుసు కదా, క్యాండిల్‌ల కూడా అదే అయితది.

అపోహ: గాజు గ్లాసుల పోస్తే ఎండ తగలదు.

ఎండల యూవీ-ఏ, యూవీ-బీ అని రెండు రకాల అల్ట్రావయొలెట్ కిరణాలు వస్తయి. మామూలు గాజు యూవీ-బీని చాలావరకు ఆపుతది, యూవీ-ఏ మాత్రం చాలా మటుకు లోపలికి వస్తది. కిటికీ అద్దం సంగతి కూడా ఇంతే, అందుకే షాపు అద్దం ముంగట పెట్టిన పీసులు ఒక్క దిక్కే పాలిపోతయి.

అపోహ: తెల్ల క్యాండిల్ గోధుమ రంగుకు వచ్చిందంటే ఎండ దెబ్బనే.

వాసన నూనెల వెనిలిన్ (వెనిలా వాసన ఇచ్చే పదార్థం) ఉంటే చీకట్ల పెట్టినా గోధుమ రంగుకు తిరుగుతది. వెనిలా అనే కాదు, బేకరీ వాసనలు, చాక్లెట్ వాసనలల్ల కూడా ఇది ఉంటది. యూవీ పౌడర్ ఏసి డబ్బులు పోగొట్టుకోకుండ ముందు సప్లయర్‌ను వెనిలిన్ ఎంత శాతం అని అడగండి. లేదంటే ఆ వాసనకు కాఫీ రంగో, బిస్కెట్ రంగో పెట్టుకుంటే మార్పు కనపడదు.

ఇగ మే నెలల మన వరంగల్ ఎండకు క్యాండిల్ మెత్తబడి వంగితే అది వేడి పని, ఈ పౌడర్‌తోటి ఏం సంబంధం లేదు, ఎక్కువ మెల్టింగ్ పాయింట్ ఉన్న మైనం చూస్కోవాలె.

కొనేముందు టెస్ట్ చేస్కోండి. ఒకే డై, ఒకే మైనంతోటి పౌడర్ కలిపింది ఒకటి, కలపనిది ఒకటి పోసి, రెండిటికీ సగం దాక అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఎండ వచ్చే కిటికీల పెట్టండి, అక్కడ వేడికి మెత్తబడకుండ చూస్కోండి. కొన్ని వారాలకు ఫాయిల్ తీస్తే అసలు రంగు పక్కకే వెలిసిన రంగు కనపడ్తది, తేడా ఎంతనో మీకే అర్థమైతది. అట్ట డబ్బాల ప్యాక్ అయి, కొన్న నెల లోపలనే కాలిపోయే పండుగ క్యాండిల్స్‌కు నేనైతే ఈ పౌడర్ ఏయను, షోకేసుల నెలల తరబడి ఉండే పిల్లర్లకు (గ్లాసు లేకుండ నిలబడే లావు క్యాండిల్స్‌కు), పెద్ద గిఫ్ట్ పీసులకే ఏస్త.